నల్ల తెర మీద రంగుల నేమ్‌ప్లేట్: లినక్స్ లాగిన్ బ్యానర్ ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి

"బేటా, మా పోరగాడు రాత్రి పన్నెండు దాకా నల్ల స్క్రీన్ మీద రంగురంగుల అక్షరాలు పెట్టుకొని కూసుంటున్నడు. హ్యాకింగ్ గిట్ల చేస్తున్నడా ఏంది, జర వచ్చి చూడరాదు" అని జహీరాబాద్‌లో మా మొహల్లా చాచా ఒకాయన అడిగారు. వెళ్లి చూశా. అబ్బాయి పాలిటెక్నిక్ రెండో సంవత్సరం. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకున్నాడు. లోపలికి వెళ్లగానే తన పేరు పెద్ద పెద్ద అక్షరాల్లో, ఇంద్రధనుస్సు రంగుల్లో కనిపించేలా పెట్టుకున్నాడు. అంతే. హ్యాకింగ్ లేదు, గీకింగ్ లేదు.

"చాచా, మీ ఇంటి గుమ్మం మీద మీ పేరు రాయించారు కదా, పైన మాషా అల్లాహ్ పలక పెట్టించారు కదా. వీడు తన మెషీన్ గుమ్మానికి అదే చేశాడు" అన్నా. ఆయన మనసు కుదుటపడింది.

కానీ అదే ఇంట్లో ఇంకో ఫిర్యాదు బయటికొచ్చింది. వాళ్ల ఆపా బీఎడ్ చదువుతోంది. తన ల్యాప్‌టాప్ నుంచి రికార్డులు, ఫోటోలు తమ్ముడి మెషీన్‌లోకి పంపి దాచుకునేది. వారం నుంచి ఒక్క ఫైలూ పోవడం లేదట. "వైఫై ఖరాబైంది" అని ఇంట్లో అందరూ అనుకున్నారు. వైఫై బాగానే ఉంది. వారం కిందట తమ్ముడు పెట్టిన రంగుల బ్యానరే ఆ ఫైళ్లను ఆపేసింది. ఎందుకు ఆపిందో, బ్యానర్ ఉంచుకొనే దాన్ని ఎలా సరిచేయాలో చెప్పడానికే ఈ వ్యాసం. మన పిల్లలు చాలామంది ఇప్పుడు లినక్స్ నేర్చుకుంటున్నారు. వాళ్లు మొదట చేసే సరదా పనుల్లో ఇదొకటి. సరదాతో పాటు పద్ధతి కూడా మొదటి రోజే తెలిస్తే మంచిది.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాం. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి. పలుకుబడి మోసం చేసే చోట స్పెల్లింగ్ కూడా చెప్తాం.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

టెర్మినల్ అంటే అక్షరాలు మాత్రమే నడిచే తెర. బొమ్మలుండవు, మౌస్‌తో పెద్దగా పనుండదు. మరి రంగు ఎలా? అక్షరాల మధ్యలోనే ఒక రహస్య సైగ పంపిస్తారు. ఎస్కేప్ అనే కనిపించని గుర్తు, దాని వెనక ఎడమ చదరపు బ్రాకెట్, తర్వాత ఒక అంకె, చివర చిన్న ఎం అక్షరం. అంకె 31 అయితే ఎరుపు, 32 ఆకుపచ్చ, 33 పసుపు, 34 నీలం, 35 ఊదా, 36 లేత నీలం. 0 అంటే "చాలు, మామూలు రంగుకు రా" అని. ఈ సున్నా మర్చిపోతే పేరుతో ఆగదు, ఆ తర్వాత మీరు కొట్టే ప్రతి అక్షరానికీ రంగు పూసుకుంటూ పోతుంది. కొత్తవాళ్లు "నా తెర పాడైపోయింది" అని కంగారుపడేది సాధారణంగా ఇక్కడే. రీసెట్ అని కొట్టి ఎంటర్ నొక్కితే తెర మామూలుగా అయిపోతుంది.

ఈ సైగలు ఈనాటివి కావు. ఈసీఎంఏ 48 అనే ప్రమాణం మొదటిసారి 1976లో వచ్చింది. 1978లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ అమ్మిన వీటీ 100 అనే టెర్మినల్‌తో ఈ పద్ధతి బాగా పాకింది. ఆ వీటీ 100కు రంగులే లేవు, అది వేరే సంగతి. దాని భాష మాత్రం ఈ రోజు మీ ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తోంది.

పెద్ద అక్షరాలు చేసేది ఫిగ్లెట్ అనే చిన్న ప్రోగ్రామ్. ఎఫ్, ఐ, జి, ఎల్, ఇ, టి. గ్లెన్ చాపెల్, ఇయాన్ చాయ్ అనే ఇద్దరు 1991లో దీన్ని మొదలుపెట్టారు. లినక్స్ పుట్టిందీ అదే 1991లో. తెలుగు అక్షరాలకు, అరబ్బీ అక్షరాలకు చోటిచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణం వచ్చిందీ ఆ ఏడాదే. ముగ్గురూ ఒకే ఏడాది పుట్టినా వీళ్లకు ఒకరితో ఒకరికి ఇంకా సరిగ్గా పడలేదు. ఆ గొడవ తర్వాత చెప్తా.

ముందు సరుకు

ఉబుంటు, డెబియన్, మింట్ ఏది ఉన్నా ఒక్క లైను చాలు: సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫిగ్లెట్ టాయిలెట్ లోల్‌క్యాట్. ఇందులో ఆప్ట్ అంటే ఏ, పి, టి. టాయిలెట్ పేరు చూసి నవ్వకండి, ఫిగ్లెట్‌కు రంగులు కలిపి చేసిన ఇంకో ప్రోగ్రామ్ అది. లోల్‌క్యాట్ దేన్నైనా ఇంద్రధనుస్సు రంగుల్లో ముంచి తీస్తుంది.

ఇప్పుడు ఫిగ్లెట్ అని రాసి, ఖాళీ వదిలి, ఇంగ్లీషులో సలాం అని రాసి ఎంటర్ కొట్టండి. గీతలు, కొట్టివేతలతో అల్లిన పెద్ద సలాం వస్తుంది. వాలు అక్షరాలు కావాలంటే మధ్యలో అడ్డగీత ఎఫ్ స్లాంట్ అని చేర్చండి. ఏయే అచ్చులు ఉన్నాయో అన్నీ చూడాలంటే షోఫిగ్‌ఫాంట్స్ అని కొట్టండి, పొడవాటి జాబితా దొర్లుతుంది. టాయిలెట్‌కు అడ్డగీత పెద్ద ఎఫ్ మెటల్ అని ఇస్తే లోహపు మెరుపు, బోర్డర్ అని ఇస్తే చుట్టూ చట్రం. ఫిగ్లెట్ ఇచ్చిన దాన్ని నిలువు గీత గుర్తు గుండా లోల్‌క్యాట్‌కు పంపితే రంగులు. ఇదంతా పది నిమిషాల పని. పిల్లలు మనకంటే ముందే కనిపెట్టేస్తారు కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగను.

గేటు, వరండా, గది

తయారైన బ్యానర్‌ను ఎక్కడ తగిలించాలన్నదే అసలు ప్రశ్న. ఇంటికి గేటు ఉంటుంది, వరండా ఉంటుంది, లోపల గది ఉంటుంది. లినక్స్‌కూ అంతే.

గేటు అంటే పాస్‌వర్డ్ అడగక ముందు కనిపించే చోటు. మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకైతే ఈటీసీ ఫోల్డర్‌లోని ఇష్యూ అనే ఫైల్. దూరం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా వచ్చేవాళ్లకు ఎస్‌ఎస్‌హెచ్‌డి కాన్ఫిగ్ ఫైల్‌లో బ్యానర్ అనే లైనులో ఏ ఫైల్ పేరు ఇస్తే అది. గేటు ముందు ఎవరైనా నిలబడొచ్చు. మనవాడు కావచ్చు, దొంగ కావచ్చు. అందుకని అక్కడ ఇంటి గుట్టు రాయకూడదు. ఉబుంటు ఎన్నో వెర్షన్, మెషీన్‌లో ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది, ఎవరి ఫోన్ నంబర్ ఎంత, ఇవేవీ వద్దు. "ఈ యంత్రం అనుమతి ఉన్నవారికి మాత్రమే" అనే ఒక్క ముక్క చాలు. మన దేశంలో 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్లడమే తప్పు. మోసపు ఉద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. గేటు మీద ఆ ముక్క ఉంటే "నాకు తెలియదు" అనే మాటకు బలం తగ్గుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ గేటు దగ్గర రంగులకు ఆశపడొద్దు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ అక్కడి రంగు సైగలను అమలు చేయదు, వాటిని ఉత్త గుర్తులుగానే తెర మీద పడేస్తుంది. ముక్కూమొహం తెలియని మెషీన్ పంపే సైగలను మన తెర గుడ్డిగా పాటించకూడదు కదా, అందుకు.

వరండా అంటే పాస్‌వర్డ్ సరిపోయాక, ప్రాంప్ట్ రాకముందు కనిపించే చోటు. ఈటీసీలోనే ఎం, ఓ, టి, డి అనే ఫైల్. "ఈ రోజు సందేశం" అనే ఇంగ్లీషు మాటకు పొట్టి పేరు. పాతకాలంలో ఒకే పెద్ద కంప్యూటర్‌ను పదిమంది వాడేటప్పుడు "రేపు మధ్యాహ్నం మెషీన్ ఆపుతాం" లాంటి కబురు ఇక్కడ పెట్టేవారు. రంగుల బ్యానర్‌కు సరైన స్థలం నా లెక్కలో ఇదే. లోపలికి వచ్చింది మనవాళ్లే, రంగులు పనిచేస్తాయి, ఫైళ్ల రాకపోకలకు అడ్డం రాదు.

గది అంటే ఒక్కొక్కరి సొంత హోం ఫోల్డర్‌లో ఉండే బాష్ఆర్‌సి. ముందు చుక్క, తర్వాత బి, ఏ, ఎస్, హెచ్, ఆర్, సి. డెస్క్‌టాప్ మీద టెర్మినల్ కిటికీ తెరిచినప్పుడు వరండా ఫైల్ చదవబడదు. ఎందుకంటే మీరు అప్పటికే ఇంట్లో ఉన్నారు, ఒక గది నుంచి ఇంకో గదిలోకి వెళ్తున్నారంతే. అందుకే పిల్లలంతా బ్యానర్ లైనును బాష్ఆర్‌సిలో రాస్తారు.

చాచా వాళ్ల అబ్బాయి కూడా అక్కడే రాశాడు. కాకపోతే ఫైల్ మొట్టమొదటి లైనులో రాశాడు.

ఇప్పుడు ఆపా ఫైళ్ల సంగతి అర్థమవుతుంది. ఆమె ఫైల్ పంపినప్పుడు ఆమె ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా తమ్ముడి మెషీన్‌లోకి వెళ్లి అక్కడ ఒక ప్రోగ్రామ్‌ను లేపుతుంది. ఆ రెండూ లెక్క ప్రకారం మాట్లాడుకుంటాయి: ఇన్ని బైట్లు పంపుతున్నా, ఇన్ని అందాయి అని. ఆ ప్రోగ్రామ్ లేవకముందే బాష్ ఆ బాష్ఆర్‌సి ఫైల్‌ను చదువుతుంది. మొదటి లైనులోనే బ్యానర్. అంకెల కోసం ఎదురుచూస్తున్న ఆపా ల్యాప్‌టాప్‌కు ఇంద్రధనుస్సు రంగుల్లో తమ్ముడి పేరు వచ్చి పడుతుంది. అది ఆ అక్షరాలనే అంకెలనుకుని లెక్కగడుతుంది, ఎక్కడో కోట్లలో తేలుతుంది, "అందిన సందేశం మరీ పొడవు" అని ఇంగ్లీషులో ఒక మాట అనేసి ఊరుకుంటుంది. ఈ మాట చూసి అసలు కారణం ఎవరు ఊహిస్తారు చెప్పండి!

ఉబుంటు, డెబియన్ ఇచ్చే బాష్ఆర్‌సిలో పైభాగాన ఒక కాపలా ఉంటుంది. ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నాడా, లేక మెషీన్ మెషీన్‌తో మాట్లాడుతోందా అని చూసి, మనిషి లేకపోతే అక్కడి నుంచే వెనక్కి తిప్పేస్తుంది. కేస్ అనే మాటతో మొదలై ఎసాక్ అనే మాటతో ముగిసే నాలుగైదు లైన్లు అవి. బ్యానర్ ఆ కాపలా దాటాక, అంటే ఫైల్ చివర ఉండాలి. ఆ ఒక్క లైనును కట్ చేసి కింద అతికించాం. ఆపా ఫోటోలు అదే నిమిషంలో పోవడం మొదలైంది.

వండి పెట్టుకుని వడ్డించడం

ప్రతిసారీ ఫిగ్లెట్, లోల్‌క్యాట్‌లను నడిపించాల్సిన అవసరం లేదు. లోల్‌క్యాట్ రూబీ భాషలో రాసింది. పాత ల్యాప్‌టాప్‌లో కిటికీ తెరిచిన ప్రతిసారీ కాస్త ఆలస్యం తెలుస్తుంది. దానికి బదులు ఒకసారి వండి గిన్నెలో పెట్టుకోవాలి. ఫిగ్లెట్ ఇచ్చింది లోల్‌క్యాట్‌కు పంపండి, లోల్‌క్యాట్ తర్వాత అడ్డగీత ఎఫ్ చేర్చండి, చివర పెద్దది అనే గుర్తు వేసి ఒక ఫైల్ పేరు రాయండి. ఆ అడ్డగీత ఎఫ్ లేకపోతే, తాను రాస్తున్నది తెర మీద కాదు ఫైల్‌లో అని లోల్‌క్యాట్ గ్రహించి రంగులు మానేస్తుంది. ఆ ఫైల్‌ను సుడోతో ఎం ఓ టి డి ఫైల్‌గా కాపీ చేస్తే వరండాలో బ్యానర్ సిద్ధం. గదిలో కావాలంటే బాష్ఆర్‌సి చివర క్యాట్ అని రాసి ఆ ఫైల్ పేరు ఇవ్వడమే.

రోజూ మారే సమాచారం, అంటే డిస్క్‌లో ఎంత ఖాళీ ఉంది వంటివి కావాలంటే ఉబుంటులో అప్‌డేట్ ఎంఓటీడీ డాట్ డి అనే ఫోల్డర్ ఉంది. అందులోని చిన్న ప్రోగ్రామ్‌లను అంకెల వరుసలో నడిపించి వరండా సందేశం తయారు చేస్తుంది. ఇక్కడ మూడు చోట్ల కాలు జారుతుంది. ఫైల్ పేరులో చుక్క ఉండకూడదు. చివర చుక్క ఎస్‌హెచ్ అని అలవాటుగా పెడితే ఆ ఫైల్‌ను పట్టించుకోదు, తప్పు అని కూడా చెప్పదు. రెండోది, లోల్‌క్యాట్ ఉండేది గేమ్స్ అనే ఫోల్డర్‌లో. ఈ ప్రోగ్రామ్‌లు ఆ ఫోల్డర్‌లో వెతకవు, కాబట్టి పూర్తి దారి రాయాలి. మూడోదే అసలైనది. ఇక్కడున్నవి రూట్ అధికారంతో, అంటే ఇంటి పెద్ద తాళంచెవులతో నడుస్తాయి. వీడియోలో ఎవరో చూపించారని, "ఈ లైను కాపీ చేసి అతికించండి, బ్యానర్ అదిరిపోతుంది" అన్నారని ఏదో తెలియని ప్రోగ్రామ్‌ను తెచ్చి ఇక్కడ పెడితే, ఎవరు లోపలికి వచ్చిన ప్రతిసారీ ఆ తెలియనివాడికి తాళంచెవులు ఇచ్చినట్టే. ఇంటర్నెట్ నుంచి దింపి నేరుగా సుడో బాష్‌కు పంపే లైన్లు కనిపిస్తే చేతులు వెనక్కి తీసుకోండి. రెండు రంగుల అక్షరాల కోసం అంత రిస్కు ఎందుకు?

తల్లిదండ్రులు పిల్లల్ని అడగాల్సింది "నల్ల స్క్రీన్ ఏంది" అని కాదు. "ఈ లైను ఎక్కడి నుంచి తెచ్చావు, అది ఏం చేస్తదో నాకు చెప్పు" అని. చెప్పగలిగితే పిల్లాడు నేర్చుకుంటున్నాడని అర్థం.

రంగు అందానికే కాదు

నాకు జరిగింది ఒకటి చెప్తా. కొన్నేళ్ల కింద ఒక చిన్న ట్యూషన్ సెంటర్‌కు మెషీన్ చూసిపెట్టేవాణ్ణి. ఫీజుల లెక్క, హాజరు అందులో ఉండేవి. ఇంట్లో పరీక్షల కోసం సరిగ్గా అలాంటిదే ఇంకో పాత మెషీన్. ఒక రాత్రి రెండు కిటికీలు పక్కపక్కన తెరిచి ఉన్నాయి. రెండూ నలుపే, రెండింటిలో అవే తెల్ల అక్షరాలు. ఇంటి మెషీన్‌లో ఖాళీ చేయాల్సిన ఫోల్డర్‌ను సెంటర్ మెషీన్‌లో ఖాళీ చేశా. ఎంటర్ నొక్కిన మరుక్షణం తెలిసింది. లినక్స్‌లో ఆర్‌ఎం కొట్టాక చెత్తబుట్ట ఉండదు. ముందు శుక్రవారం తీసిన బ్యాకప్ ఉండబట్టి బతికిపోయా. అయినా ఐదు రోజుల లెక్కలు రసీదు పుస్తకాలు చూసి మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. సెంటర్ వాళ్లు మంచివాళ్లు, చాయ్ ఇచ్చి మరీ పక్కన కూర్చున్నారు. సిగ్గు మాత్రం నాదే.

ఆ తర్వాతే నాకు బ్యానర్ విలువ తెలిసింది. దాని మొదటి పని "నువ్వు ఇప్పుడు ఎవరింట్లో ఉన్నావు" అని చెప్పడం. సోకు తర్వాత. ఇప్పుడు నా పద్ధతి ఇది: ఇంటి మెషీన్‌కు ఆకుపచ్చ, పరీక్షల మెషీన్‌కు పసుపు, ఇంకొకరి డబ్బో లెక్కో ఉన్న మెషీన్‌కు ఎరుపు. బ్యానర్‌లో పేరు పెద్దగా, కింద ఒక్క లైను: ఇది ఎవరిది, దేనికి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కళ్లకు పట్టనివాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు, కాబట్టి రంగు ఒక్కదాన్నే నమ్మకుండా మాటలో కూడా రాయాలి. టెర్మినల్ వెనక రంగు తెలుపు పెట్టుకునేవాళ్లకు పసుపు అక్షరాలు అసలు కనిపించవు, అదీ గుర్తుంచుకోండి.

బ్యానర్‌కు ఒక లోపం ఉంది, దాచడం ఎందుకు. నాలుగు కమాండ్లు కొట్టేసరికి పైకి జరిగిపోతుంది. నేను తప్పు చేసిన రాత్రి బ్యానర్ ఉన్నా పైకి పోయి ఉండేదేమో. అందుకే ప్రాంప్ట్‌కు, అంటే ప్రతి లైను మొదట్లో వచ్చే పేరుకు కూడా అదే రంగు వేయాలి. బాష్ఆర్‌సిలో పీఎస్1 అనే చోట రంగు అంకె మార్చడమే. రంగు సైగకు ముందు వెనకల వెనక్కి వాలిన గీత, చదరపు బ్రాకెట్ జంటగా పెట్టడం మరవొద్దు. అవి లేకపోతే లైను పొడవు లెక్క తప్పి, పొడవాటి కమాండ్ రాసేటప్పుడు అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

మన అక్షరాల్లో వస్తుందా?

చాచా అడిగిన రెండో ప్రశ్న ఇదే. "ఇంగ్లీష్ల ఎందుకు, ఉర్దూల రాదా? తెలుగుల రాదా?"

మన ఊళ్లో దుకాణాల బోర్డులు చూడండి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు పక్కపక్కనే ఉంటాయి. టెర్మినల్‌లో అది అంత సులువు కాదు. టెర్మినల్ తెర అంటే గళ్ల కాగితం. ఒక గడికి ఒక అక్షరం, ఎడమ నుంచి కుడికి. ఇంగ్లీషుకు కుట్టించిన చొక్కా అది. తెలుగులో "స్త్రీ" అని రాస్తే సకారం, తకారం, రేఫ, గుడి దీర్ఘం అన్నీ కలిసి ఒకే ముద్ద. దానికి ఎన్ని గళ్లు ఇవ్వాలో ఒక్కో టెర్మినల్ ఒక్కోలా లెక్కవేస్తుంది. అందుకే కొన్నింటిలో తెలుగు బాగానే కనిపిస్తుంది, కొన్నింటిలో వత్తులు విడిపోయి పక్క గడిలో పడతాయి.

ఉర్దూకు ఇంకా కష్టం. రాసేది కుడి నుంచి ఎడమకు. అక్షరం పదంలో ఎక్కడ వస్తే అక్కడ రూపం మారుతుంది. పైగా నస్తాలీఖ్‌లో ప్రతి పదం పైన మొదలై ఏటవాలుగా కిందికి దిగుతుంది. గళ్లలో కూర్చోదు. ఉర్దూ పత్రికలు 1980ల దాకా కాతిబ్‌ల చేతిరాతతోనే నడవడానికి కారణం ఇదే. 1927లో మొదలైన చెన్నై 'ది ముసల్మాన్' చేతిరాత పత్రికగానే లోకానికి తెలుసు. 1981లో వచ్చిన నూరీ నస్తాలీఖ్ కోసం వేల సంఖ్యలో అక్షరాల జోడింపులను ముందే విడివిడిగా రాసి పెట్టుకోవాల్సి వచ్చింది. లినక్స్ అసలు నల్ల కన్సోల్‌లో, అంటే గ్రాఫిక్స్ లేని తెరలో, ఒక ఫాంట్‌కు మొత్తం 512 రూపాలకే చోటు. వేలెక్కడ, 512 ఎక్కడ? ఆ తెర మీద తెలుగైనా ఉర్దూ అయినా డబ్బాలుగానో ప్రశ్న గుర్తులుగానో వస్తాయి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ మిత్రుల వంటివాళ్ల శ్రమతో తెలుగు మెనూలున్న లినక్స్ ఎప్పుడో వచ్చింది. కానీ అదంతా గ్రాఫిక్స్ ఉన్న తెర సంగతి. ఈ నల్ల కన్సోల్ దాకా రాలేదు.

ఫిగ్లెట్‌తో వచ్చే అచ్చుల్లో హీబ్రూకు ఒకటి ఉంది, కుడి నుంచి ఎడమకే రాస్తుంది. హీబ్రూ అక్షరాలు విడివిడిగా నిలబడతాయి కాబట్టి కుదిరింది. కలిసి నడిచే మన అక్షరాలకు కుదరలేదు.

దారి మాత్రం ఒకటుంది. అక్షరంగా పంపకుండా బొమ్మగా పంపడం. చాఫా అనే ప్రోగ్రామ్ ఉంది. సి, హెచ్, ఏ, ఎఫ్, ఏ. ఆప్ట్‌తోనే దొరుకుతుంది. ఏ బొమ్మ ఇచ్చినా దాన్ని చిన్న చిన్న రంగు గళ్లుగా కోసి తెర మీద పేరుస్తుంది. లిబ్రే ఆఫీస్‌లోనో గింప్‌లోనో నల్ల వెనక రంగు మీద మీ పేరు పెద్దగా రాయండి. తెలుగుకు రామభద్ర వంటి లావు ఫాంట్ బాగుంటుంది, సన్న గీతల ఫాంట్లు గళ్లలో చెదిరిపోతాయి. ఉర్దూకు నోటో నస్తాలీఖ్ ఉంది. బొమ్మను పీఎన్‌జీగా దాచండి. తర్వాత చాఫా, అడ్డగీత ఎఫ్ సింబల్స్, అడ్డగీత ఎస్ 60 ఎక్స్ 20, బొమ్మ పేరు, పెద్దది గుర్తు, ఫైల్ పేరు. అరవై గళ్ల వెడల్పు, ఇరవై లైన్ల ఎత్తుకు మించని బ్యానర్ వస్తుంది. మిగతాది పాత పద్ధతే, ఆ ఫైల్‌ను వరండాలోనో గది చివరో పెట్టడం.

ఇది చూసినప్పుడల్లా నాకు బీదర్ గుర్తొస్తుంది. మనకు గంట ప్రయాణం. నల్లటి బిద్రీ పాత్ర మీద వెండి తీగ చెక్కినట్టే ఉంటుంది, నల్ల తెర మీద ఆ తెల్ల అక్షరం. 1472లో పూర్తయిన మహమూద్ గవాన్ మదర్సా గోడ మీద ఈ రోజుకీ కొంత మిగిలిన రంగు పలకల రాతను దగ్గరికెళ్లి చూడండి. గళ్లు గళ్లుగా కోసిన పలకలను పేర్చి అక్షరం నిలబెట్టారు. చాఫా చేసే పని అదే, కాకపోతే మన పలకలకు ఎండావానా లేవు.

ఫోన్‌లో టెర్మక్స్ వాడే పిల్లలకు ఒక్క మాట. అక్కడ సుడో ఉండదు, ఆప్ట్‌కు బదులు పీకేజీ అని కొట్టాలి. నిలువుగా పట్టుకున్న ఫోన్‌లో ఫిగ్లెట్ అనుకునే 80 అక్షరాల వెడల్పు పట్టదు, అక్షరాలు విరిగి ముగ్గు చెదిరినట్టు అవుతుంది. అడ్డగీత డబ్ల్యూ 40 అని ఇచ్చి, స్మాల్ అచ్చు వాడండి.

ఏ ఫైల్‌లో చేయి పెట్టినా ముందు దానికి ఒక నకలు తీసి పెట్టుకోండి. దూరపు మెషీన్ అయితే ఒక పాత కిటికీని మూయకుండా ఉంచి, కొత్త కిటికీలో లోపలికి వెళ్లి చూశాకే పాతది మూయండి. వరండా బ్యానర్ ఇంట్లో ఒకరికి నచ్చకపోతే గొడవ అక్కర్లేదు. వాళ్ల హోం ఫోల్డర్‌లో చుక్క హష్‌లాగిన్ అనే ఖాళీ ఫైల్ పెడితే వాళ్లొక్కరికే కనిపించదు. ఆపా అదే చేసింది.

చాచా మాత్రం ఊరుకోలేదు. ఒకప్పుడు ఖుష్‌ఖతీ నేర్చుకున్న మనిషి. తెల్ల కాగితం మీద లావు కలంతో కొడుకు పేరు ఉర్దూలో రాసిచ్చారు. ఫోన్‌తో ఫోటో తీసి, రంగులు తిరగేసి, చాఫాకు ఇచ్చాం. ల్యాప్‌టాప్ తెరిస్తే ఇప్పుడు ఆయన చేతిరాతే వస్తోంది. కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు చూసి, "నూన్ మీది చుక్క పడలే. రేపు ఇంకా లావుగ రాస్త, మళ్ల తియ్యి" అన్నారు.